వ్యర్థపు మానవుడు

క్రీ.శ. 2005లో లండను నగరమున థేమ్సు నది యొడ్డున ఒక వింత విగ్రహము నిలుపబడెను. దానిని రూపొందించినవాడు పాల్ బొనోమిని. బ్రిటను దేశస్థుడొక్కడు సగటున తన జీవితకాలమున పారవేయు విద్యుద్యంత్రముల బరువెంతయో లెక్కించి, అంత బరువు, అనగా 3.3 టన్నుల పాత యంత్రములతోనే 7 మీటర్ల మనుష్యాకారమును నిర్మించిరి. బట్టలుతుకు యంత్రములు మొదలగునవి దాని శరీరము. కంప్యూటరు మౌసులు దాని దంతములు. పేరు 'వీ మాన్'. ఆంగ్లమున 'వీ' యనగా చిన్న యనియు నర్థము కలదు! తరువాత దానిని కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టు తోటకు తరలించిరి.

ఇట్టిది కళయే కాదని కొందరందురు. మేము వారితో నేకీభవింపము. అంకెలలో చెప్పిన వెంటనే మరచిపోవు సంగతిని కన్నులయెదుట నిలుపుట గొప్ప పనియే. అయినను మాకొక కొరత తోచుచున్నది. ఆ విగ్రహము పారవేయువాని ప్రతిరూపము. పారవేసినదానిని పగులగొట్టి పొట్ట పోసికొనువాడు అందెచ్చటను లేడు.

వాడెవ్వడు? చైనా దేశమున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమందలి గుయ్‌యూ పట్టణమును జూడుడు. పెక్కేండ్లు అచ్చటి కుటుంబములు రాగికై తీగలను కాల్చుచు, బంగారమునకై సర్క్యూటు పలకలను ఆమ్లములలో ముంచుచు జీవించెను. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అచ్చట పరీక్షింపబడిన 165 మంది పసివారిలో 135 మంది రక్తమున సీసము నాటి హద్దును, అనగా నూరు మిల్లీలీటర్లకు 10 మైక్రోగ్రాములను, మించి యుండెను. సీసము పసివారి మెదడును చెరచును. ఆ నష్టము మరల పూడునది కాదు. 2015 ప్రాంతమున అచ్చటి పనిని పారిశ్రామిక వాటికకు మార్చిరి గాని, మన ఢిల్లీలోని సీలంపూరు వంటి తావుల సుత్తియు చేతులే నేటికిని సాధనములు. 2022లో ప్రపంచమున పుట్టిన యిట్టి వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు నాలుగవ వంతైనను సరియైన రీతిని శుద్ధిచేయబడినట్లు లెక్కకు రాలేదు.

ఆ పెద్ద విగ్రహము పాదములచెంత, నేలపై కూర్చుండి తీగ నొలుచుచున్న చిన్నవాని బొమ్మ యుండినచో, చూపరులు దంతములను జూచి నవ్వి వెడలిపోరని మా తలంపు.

పాత రేడియోలు, సెల్‌ఫోనులు తెచ్చి మన పాఠశాల ప్రదర్శనమునకు బొమ్మలు చేయగోరు విద్యార్థులకొక మాట. తీగలను కాల్చకుడు, బ్యాటరీలను పగులగొట్టకుడు. పని మొదలిడుటకు ముందే పాతసామానుల వర్తకుని యొద్దకు పోయి, ఇట్టి సామాను అతని యంగడినుండి ఏ యూరికి పోవునో యడుగుడు. అతడు చెప్పిన యూరి పేరును అట్టమీద వ్రాసి బొమ్మ ప్రక్కన నుంచుడు.