ఇంట రక్తపోటు కొలుచుట

1905వ సంవత్సరమున రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ చేతి ధమనిపై స్టెతస్కోపు నుంచి, ధ్వనుల నాలకించి రక్తపోటును నిర్ణయించు పద్ధతిని లోకమునకు తెలుపగా, చిరకాలము వైద్యుల చేతనే యుండిన యా విద్య నేడు బీపీ మిషను రూపమున మన యింటి బల్లపైకి వచ్చియున్నది. కాని యంత్రము వచ్చినంతమాత్రమున సత్యము రాదు.

మెట్లెక్కి వచ్చి, ఆయాసము తీరకమునుపే చొక్కా చేతిమీదనే పట్టీ చుట్టి, మాటలాడుచు మీట నొక్కినచో, తెరపై కనబడు నంకె రోగమును గాక మన తొందరపాటును తెలుపును. కాఫీ త్రాగిన పిమ్మట అర్ధగంట యాగి, మూత్రవిసర్జన మొనర్చి, వీపునకు ఆనిక గల కుర్చీలో పాదములు నేలకానించి యైదు నిమిషములు మౌనముగ కూర్చుండి, తగిన కొలత గల పట్టీని వట్టి చేతికి చుట్టి, ఆ చేతిని గుండె యెత్తున బల్లపై నుంచి, నిమిషము వ్యవధితో రెండు మారులు కొలువవలయును. చేయి వ్రేలాడినను, పట్టీ యిఱుకైనను అంకె హెచ్చును.

ఒక్క యంకెకు బెదరి మాత్ర హెచ్చించుటయు, ఒక్క యంకెకు మురిసి మాత్ర మానుటయు రెండును ప్రమాదహేతువులే. కావున పాఠకులారా, వారము దినములు ఉదయ సాయంకాలములు కొలిచి కాగితమున వ్రాసికొనుడు. సరాసరి 135/85 ముట్టినను దాటినను ఆ కాగితమును వైద్యునికి చూపుడు.