రెక్కలున్నాయి, ఎగరడానికి కాదట!
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇంగ్లండులోని కాటింగ్లీ పిల్లలు అతికించే శ్రమ కూడా పడలేదు, టోపీ పిన్నులతో నిలబెట్టేశారు. 1917లో పదహారేళ్ల ఎల్సీ రైట్, తొమ్మిదేళ్ల ఫ్రాన్సెస్ గ్రిఫిత్స్ కలిసి పుస్తకంలోని బొమ్మలు చూసి గీసిన ఫెయిరీలను (రెక్కల బుల్లి దేవకన్యలను) కత్తిరించి, ఇంటి వెనక వాగు గట్టున గుచ్చి ఫొటోలు తీశారు. పిల్లల ఆటను నేను తప్పుపట్టను. నవ్వొచ్చేది ఆ ఫొటోలు నిజమని నమ్మిన పెద్దల పాండిత్యం చూస్తేనే. దివ్యజ్ఞాన సమాజానికి చెందిన ఎడ్వర్డ్ గార్డ్‌నర్ ఆ కాగితపు బొమ్మలకు ఏకంగా జీవశాస్త్రమే చెప్పాడు. వాటి ఒళ్లు వాయువుకన్నా తేలికట, మనకున్నట్టు చావుపుట్టుకలు లేవట, ఎండలోని శక్తిని మొక్కలకు చేరవేయడం వాటి ఉద్యోగమట. రెక్కలకు ఈనెలు లేవు, కీళ్లు లేవు, కాబట్టి అవి ఎగరడానికి కావట! తూనీగ రెక్కను వెలుతురుకు అడ్డంపెట్టి చూడండి, సన్నని ఈనెల వల కనిపిస్తుంది. ఆ అల్లిక లేకపోతే రెక్క నిలవదు. మరి ఫెయిరీకి ఈనెలెందుకు లేవు? గీసిన పిల్ల వెయ్యలేదు గనక. ఆ ఒక్క జవాబు తప్ప పెద్దమనిషికి అన్నీ తట్టాయి. వైద్యం చదివిన ఆర్థర్ కానన్ డాయల్ అయినా (డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన బుర్ర కదా) అనుమానపడాల్సింది, 1922లో వీటిమీద పుస్తకమే వేశాడు. వరసకు అక్కాచెల్లెళ్లయిన ఎల్సీ, ఫ్రాన్సెస్ 1983లో గుట్టు విప్పారు. ఇంతకీ వాళ్లు చూసి గీసిన ‘ప్రిన్సెస్ మేరీస్ గిఫ్ట్ బుక్’లో డాయల్ కథ కూడా ఒకటుంది.