నూనెకు సంఖ్య వ్రాయునదెవరు?

మన గాండ్లపెంట ప్రాంతమున శెనక్కాయ యందుము, తెలంగాణమున పల్లీలందురు, పుస్తకములలో వేరుసెనగ యని వ్రాయుదురు. ఓడరేవులలోని సుంకపు కచ్చేరీలో ఈ పేర్లలో దేనితోను పని లేదు. అచ్చట దానిని 1202 అను సంఖ్యతో గుర్తింతురు. విత్తనమైనచో 1202 30. తొక్కతోనున్న కాయ 1202 41. ఒలిచిన పప్పు 1202 42. సోయా నూనె 1507, పామాయిలు 1511, ప్రొద్దుతిరుగుడు నూనె 1512. 1988 జనవరి 1వ తేది నుండి అమలులోనున్న అంతర్జాతీయ పద్ధతి ప్రకారము లోకమందలి వర్తక వస్తువులన్నిటికిని ఇట్టి ఆరంకెల సంఖ్యలు కలవు. మన దేశమున వానికి మరి రెండంకెలు చేర్చిరి. వస్తువు ఏ సంఖ్యలో పడునో ఆ సంఖ్యకెదురుగా వ్రాసిన సుంకమే దానికి చెల్లును.

ఈ లెక్కలతో మనకేమి పనియని కొందరు సభ్యులు మమ్మడిగిరి. మన దేశమున వాడు వంటనూనెలో సగమునకు పైగా ఓడలలో వచ్చుచున్నది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము ముడి పామాయిలుపై మొత్తము సుంకమును నూటికి 27.50 రూపాయలకును, శుద్ధి చేసిన దానిపై 35.75 రూపాయలకును పెంచెను. 2025 మే 30వ తేది ఉత్తర్వుతో ముడి నూనెపై సుంకము 16.50కి తగ్గెను; శుద్ధి నూనెపై తగ్గలేదు. అనగా ఆ ఉత్తర్వుతో రెంటికిని నడుమ నూటికి 19.25 రూపాయల యంతర మేర్పడెను. లక్ష రూపాయల నూనెకు ఇది 19,250 రూపాయలు. ఓడనిండ నూనె తెచ్చు వర్తకునికి ఒక మాట మార్చి వ్రాసిన నెంత మిగులునో సభ్యులే లెక్క వేసికొనవచ్చును.

పామాయిలు ధర దిగినంతనే శెనక్కాయ ధర దిగుననుట పూర్తిగా నిజము కాదు. వేరుసెనగ నూనె రుచి వేరు, దానిని కొనువారు వేరు. అయినను మిల్లుదారుడు కాయకు ధర కట్టునపుడు చవుక నూనె ధరను మనసునందుంచుకొనియే కట్టును. మఱియు దాచనేల, మన యిండ్లలోను పామాయిలు ప్యాకెట్లు కొనుచునే యున్నాము. పేరులోనే గానుగవారిని తలపించు గ్రామమున నిట్లు జరుగుట మాకు కొంచెము సిగ్గుగనే యున్నది. కావున సుంకము హెచ్చుగా నుండవలెనా తక్కువగా నుండవలెనా యను వాదమును మేమిప్పుడెత్తుట లేదు. చట్టము ప్రకారము విధించిన సుంకము సరియైన వస్తువుపైననే పడుచున్నదా యనునదే మా ప్రశ్న.

2011 నుండి సంఖ్యను మొదట దిగుమతిదారుడే వ్రాసికొనుచున్నాడు. 2020లో మరియొక మార్పు వచ్చెను. జూన్ 8న బెంగుళూరు, చెన్నపట్టణములలో మొదలై, అక్టోబరు 31 నాటికి దేశమంతట వ్యాపించిన పద్ధతి ప్రకారము, కృష్ణపట్నము రేవున దిగిన సరకు కాగితములను వేరొక నగరమందలి యధికారి కంప్యూటరులో చూచును. వర్తకునికిని అధికారికిని ముఖపరిచయ ముండరాదనుట మంచి యుద్దేశమే. ఏ సరకును విప్పి చూడవలెను, దేనిని చూడనక్కరలేదు అనునదియు చాలవరకు కంప్యూటరే యెంచుచున్నది. ఇప్పుడు దేశదేశములందు సంఖ్యను గూడ సాఫ్టువేరే సూచించుచున్నది. వెనుకటి లక్షల కొలది దిగుమతి పత్రములను దానికి చూపి, ఏ వర్ణనకు ఏ సంఖ్య వ్రాసిరో నేర్పుదురు. క్రొత్త వర్ణన నిచ్చినచో అది క్షణములో సంఖ్య చెప్పును.

దీనిని మేము నిందింపము. అలసిన గుమాస్తా సాయంకాలమున చేయు పొరపాటు అది చేయదు. ఒకే వస్తువునకు ఒక రేవున నొక సంఖ్య, మరియొక రేవున మరియొక సంఖ్య పడు చిక్కును తగ్గింపగలదు. అయితే అది చదువునది మాటలను, నూనెను కాదు. ఆ మాటలు వ్రాసినవాడు సుంకము కట్టవలసినవాడే! పైగా వెనుకటి పత్రములలో తప్పు జరిగియున్నచో ఆ తప్పునే నమ్మకముగా నేర్చుకొనును.

మన యెఱిగిన యుదాహరణమే చూడుడు. ఒకే కళ్లములోని కాయ యొలిచి, మంచి పప్పు నేరి విత్తుటకుంచినచో విత్తనము. మిల్లుకు తోలినచో సరకు. పప్పు ఒకటియే, ఉద్దేశము వేరు. రైతు మనసులోని యుద్దేశమును ఏ యంత్రము చదువగలదు? ముడి పామాయిలు సంగతి యింతకంటె సులభము. ఎఱ్ఱదనము కంటికే కనబడును. ముడి నూనెకు ఆమ్లవిలువ నూటికి రెండునకు తక్కువ కాకుండ, కెరోటినాయిడ్లు కిలోకు 500 మొదలు 2,500 మిల్లీగ్రాముల వరకు నుండవలెనని లోగడ సుంకపు ప్రకటనలలో వ్రాసిరి. వీనిని కొలుచుటకు సీసాలో పట్టిన నమూనాయు, రసాయనశాలయు కావలెను. నమూనాలు కల్తీయును పట్టించును.

కంప్యూటరు తప్పు మన పొలములకును క్రొత్త గాదు. ఒక గ్రామమున శెనక్కాయ చేనిలో కంది సాళ్లు వేసిన రైతు పంటను, నమోదు చేయువారు వట్టి కందిగా వ్రాసిరి. ఆ రైతుతో మేమును కచ్చేరీకి వెళ్లితిమి. "కంప్యూటరులో అట్లే యున్నది" అని మాత్రమే సమాధానము వచ్చినది. చేనికి వచ్చి చూడుమని మూడు మారులు తిరిగి యడిగిన పిమ్మట నొకరు వచ్చిరి. గట్టుమీద నిలిచి చూచిన వెంటనే తప్పు ఒప్పుకొనిరి. చూచుటకు పట్టిన కాలము అయిదు నిమిషములు. తిరిగిన కాలము నెల.

ఓడరేవుకు మన రైతు పోయి "వచ్చి చూడుడు" అని యడుగలేడు. అందుచేతనే సాఫ్టువేరు సూచించిన సంఖ్యను ఆమోదించు అధికారి తన పేరు క్రింద వ్రాయవలెను. యంత్రము సందేహింపని సరకులో నుండియు కొన్నిటిని చీటీ వేసినట్లెన్ని నమూనాలు తీయవలెను. రేవువారీగా ఎన్ని నమూనాలు తీసిరి, ఎన్నిటిలో వర్ణనయు నూనెయు సరిపోలేదు అను లెక్కను నెలనెలా ప్రకటింపవలెను. వర్తకుల పేర్లు మనకక్కరలేదు.

ఈ యర్థముతో ఆర్థికశాఖకు పంపుటకు విన్నపమొకటి వ్రాసియుంచితిమి. వచ్చు సర్వసభ్య సమావేశమున చదివి వినిపింతుము. ముడి నూనెపై సుంకము తగ్గించుటను గూర్చియు అందు వ్రాయవలెనని కొందరు పట్టుపట్టుచున్నారు. రెండును కలిపినచో రెండును చెడునని మా భయము; అయినను సభ్యులు వేరుగా తలచినచో ఆనాడే చెప్పవలెను.