మందు ఆవుకి, మిగులు బావికి

ఆవుకి పొదుగువాపు వస్తే ఆక్సీటెట్రాసైక్లిన్ సూది వేయించడం హోసూరు, కృష్ణగిరి పాడి రైతులకు కొత్త కాదు. కానీ ఆ మందులో చాలా భాగం పేడ, మూత్రంలో బయటికొచ్చేస్తుంది. వాననీటితో బావికో చెరువుకో చేరితే మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. రేపు మనిషికి జబ్బు చేస్తే అదే రకం మందు పనిచేయకపోవచ్చు.

ఈ అవశేషాలను ఓజోన్‌తో విరగ్గొట్టవచ్చు. ఆక్సిజన్‌లోకి అధిక వోల్టేజి విద్యుత్తు పంపితే పుట్టే వాయువిది. నిల్వ ఉండదు, అక్కడికక్కడే తయారు చేయాలి. కరెంటు ఖర్చు తప్పదు. నీళ్లలో పేడ మడ్డి ఉంటే ఓజోన్ చాలావరకు దానికే ఖర్చయిపోతుంది. విరిగిన ముక్కలు మిగిలే అవకాశం ఉంది గనుక ఆ తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ వడపోత కూడా అవసరం.

అంటే ఓజోన్ ఆఖరి కాపలాయే తప్ప మొదటి మందు కాదు. పాడి పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. మిగతా మందులనూ పశువైద్యుడు చెప్తేనే వాడాలి. పేడదిబ్బలు బావులకు దూరంగా ఉండాలి. అధికారులు తాగునీటి వనరుల్లో మందుల అవశేషాలను పరీక్షించి, అవసరమైన చోట ఓజోన్ యంత్రాలు పెట్టాలి. సరిహద్దు పల్లెల్లో ఈ జాగ్రత్తలను తమిళంతోపాటు తెలుగులోనూ చెప్పాలి. రైతుకి అర్థం కాని హెచ్చరిక ఉన్నా లేనట్టే.