నవ్విన నోరే నిలదీసింది

మన తాతలు దొర గడప ముందు డప్పు కొట్టి, చేతులు కట్టుకుని నవ్వారని మనలో చదువుకున్న పిల్లలు కొందరు సిగ్గుపడుతున్నారు. వాళ్లకి మేము లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ చెప్పదలిచాం.

1901లో అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ నల్లవాడలో పుట్టాడు. తండ్రి వదిలేసి పోయాడు. చిన్నప్పుడే బొగ్గు బండి మీద పనికి పోయాడు. 1912 డిసెంబర్ 31 రాత్రి సరదాకి గాల్లోకి తుపాకీ పేలిస్తే పోలీసులు పట్టుకుపోయి నల్లపిల్లల నిర్బంధ బడిలో పడేశారు. ఆ బడి బ్యాండులోనే కార్నెట్ బాకా పద్ధతిగా నేర్చాడు. 1922లో గురువు కింగ్ ఆలివర్ పిలిస్తే చికాగో వెళ్లాడు. 1925-28 మధ్య హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన రికార్డులు జాజ్ దారినే మార్చాయి. గుంపంతా కలిసి వాయించే సంగీతంలో ఒక్క మనిషి ముందుకొచ్చి తన గోడు తాను వినిపించే చోటు సంపాదించాడు.

ట్రంపెట్‌కి చప్పట్లు కొట్టారు. ఊదినోడికి మాత్రం చోటివ్వలేదు. కచేరీ చేసిన హోటల్లోనే పడుకోడానికి గది దొరకని రోజులవి. 1956లో లూసియానా రాష్ట్రం తెల్ల, నల్ల కళాకారులు కలిసి వాయించకూడదని చట్టం చేసింది. అతని బృందంలో ఇద్దరూ ఉండేవారు. పుట్టిన ఊళ్లో వాయించడమే మానేశాడు. మళ్లీ అక్కడ ఊదింది 1965లోనే.

అయినా సొంత జాతి కుర్రకారే అతన్ని 'అంకుల్ టామ్' అన్నారు. అంటే దొరకి నచ్చిన బానిస! తెల్లోళ్ల ముందు పళ్లికిలిస్తాడని ఎత్తిపొడిచారు.

1957 సెప్టెంబర్‌లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లలు తెల్లవాళ్ల హైస్కూలుకి పోబోతే గవర్నర్ ఫాబస్ సాయుధ బలగాల్ని అడ్డం నిలబెట్టాడు. బడి గుమ్మం దగ్గర పిల్లల్ని ఆపడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? ఆ నవ్వే నోరు అప్పుడు ఊరుకోలేదు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి దమ్ము లేదని విలేకరి ముందే అనేశాడు. ప్రభుత్వం పంపుతానన్న సోవియట్ యాత్రకి పోనన్నాడు. బహిష్కరిస్తామని బెదిరించినా మాట వెనక్కి తీసుకోలేదు.

1971లో చనిపోయాడు. 2001లో న్యూ ఆర్లియన్స్ విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. బతికుండగా గది ఇవ్వనోళ్లు చచ్చాక పేరు పెట్టడం ఏ దేశంలోనైనా తేలికే.

మిత్రులారా! మన తాతల నవ్వు కూటి కోసం నవ్విన నవ్వు. దాని మీద తీర్పు చెప్పే ముందు వాళ్ల పక్కన కూచోండి. ఏ రోజు, ఏ దొర గడపలో, ఎందుకు డప్పు కొట్టనన్నారో అడగండి. రాసుకోండి. ఆ చరిత్ర మనం రాయకపోతే మరెవరూ రాయరు.

జై భీమ్!