పేటెంటు గడువు తీరింది, బ్యాటరీ మాత్రం మన చేతికి రాలేదు

మెయిన్స్ జనరల్ స్టడీస్ మూడో పేపరులో విద్యుత్ వాహనాల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది జవాబు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. ఫేమ్ పథకం, పీఎల్‌ఐ, చార్జింగ్ స్టేషన్లు, లిథియం కొరత, చివర్లో "పరిశోధనను ప్రోత్సహించి పేటెంట్ల సంఖ్య పెంచాలి" అని ఒక వాక్యం. ఈ చివరి వాక్యం మీదే నా అభ్యంతరం. అది రాసినందుకు మార్కు పోదు, కానీ రాసినవాడికి విషయం తెలుసని కూడా అది చెప్పదు. సిలబస్‌లో 'స్వదేశీ సాంకేతికత అభివృద్ధి', 'మేధో సంపత్తి హక్కుల సమస్యలు' పక్కపక్క వరుసల్లోనే ఉన్నాయి. మనం మాత్రం రెండింటికీ వేర్వేరు నోట్సులు రాసుకుంటాం. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎలా తాకుతాయో ఒకే ఒక్క పదార్థం కథలో చూడండి.

ఆ పదార్థం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఎల్‌ఎఫ్‌పీ అంటారు. బ్యాటరీలో క్యాథోడ్‌గా, అంటే ధన ధ్రువంగా వాడతారు. 1990ల మధ్యలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం దీన్ని గుర్తించింది. 1997లో వచ్చిన ఆ పరిశోధనా పత్రం మీద ముగ్గురి పేర్లుంటాయి: పాధి, నంజుండస్వామి, గుడ్‌ఎనఫ్. అంతకు ముందు 1980లలో ఇలాంటి సమ్మేళనాలపై గుడ్‌ఎనఫ్‌తో కలిసి దారి వేసిన అరుముగం మంత్రిరామ్ తమిళనాడులో పుట్టినవాడు. 2019లో గుడ్‌ఎనఫ్‌కు నోబెల్ వచ్చినప్పుడు ఆయన తరఫున ఉపన్యాసం ఇచ్చింది మంత్రిరామే. 'సైన్స్‌లో భారతీయుల విజయాలు' అనే శీర్షిక కింద ఈ పేర్లు మీ నోట్సులో లేకపోతే ఇప్పుడు రాసుకోండి.

ఈ పదార్థం గొప్పదనం ఏమిటంటే, ఇందులో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. చవకగా దొరికే ఇనుము, ఎరువుల్లో వాడే ఫాస్ఫేట్ చాలు. ఫాస్ఫరస్, ఆక్సిజన్ మధ్య బంధం గట్టిది కాబట్టి బ్యాటరీ వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా బయటపడదు, మంట అంటుకునే ప్రమాదం తక్కువ. లోపం కూడా పెద్దదే. ఇది విద్యుత్తును సరిగ్గా ప్రవహించనివ్వదు. గుడ్‌ఎనఫ్ బృందం పేటెంటు తీసుకుంది, కానీ ఆ పొడి ఉన్నది ఉన్నట్టుగా కారు నడపడానికి పనికిరాదు. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం, హైడ్రో-క్యుబెక్ సంస్థలతో కలిసి పనిచేసిన మిషెల్ అర్మాన్ బృందం ఆ పొడి రేణువుల మీద పలచటి కార్బన్ పూత వేసే పద్ధతి కనిపెట్టింది. అదింకో పేటెంటు. రేణువులను నానో స్థాయికి తగ్గించి, వేరే మూలకాలు చేర్చే పద్ధతిని ఎంఐటీలో యెట్-మింగ్ చియాంగ్ తెచ్చాడు. దానిమీద ఏ123 సిస్టమ్స్ అనే కంపెనీ పుట్టింది.

ఆ తర్వాత కోర్టులు. తన ప్రయోగశాలలో పనిచేసి వెళ్లిన పరిశోధకుడి ద్వారా సమాచారం జపాన్ టెలికాం సంస్థ ఎన్‌టీటీకి చేరిందని ఆరోపిస్తూ టెక్సస్ విశ్వవిద్యాలయం దావా వేసింది. 2008లో ఎన్‌టీటీ 3 కోట్ల డాలర్లకు రాజీపడింది. అదే ఏడాది యూరప్ పేటెంట్ కార్యాలయం టెక్సస్ పేటెంటును రద్దు చేసింది. ఏ123తో వివాదం 2011 దాకా నడిచింది.

ఇక ఏ123 గతి చూడండి. ఎంఐటీ సైన్సు ఉంది, పేటెంట్లు ఉన్నాయి, 2009లో అమెరికా ప్రభుత్వం ప్రకటించిన 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు ఉంది. 2012 అక్టోబరులో దివాలా తీసింది. 2013 మొదట్లో దాని ఆస్తుల్లో ప్రధాన భాగాన్ని చైనాకు చెందిన వాన్‌షియాంగ్ కొనుక్కుంది. పేటెంట్లే బలమైతే ఈ కంపెనీ మునగకూడదు.

చైనాలో జరిగింది వేరు. కార్బన్ పూత మీద కెనడా వాళ్లకున్న చైనా పేటెంటును అక్కడి పరిశ్రమ సవాలు చేసింది. 2011లో అక్కడి పునఃపరిశీలన మండలి దాన్ని కొట్టేసింది. దేశంలోనే అమ్ముకున్నంత కాలం చైనా తయారీదారులను రుసుము అడగరన్న అవగాహన ఉందని కూడా పరిశ్రమ వర్గాల్లో విస్తృతంగా చెప్పుకుంటారు. ఫలితం మాత్రం అందరికీ కనిపిస్తున్నదే. పదేళ్లపాటు చైనా కంపెనీలు తమ సొంత బస్సుల మీద, సొంత స్కూటర్ల మీద ఎల్‌ఎఫ్‌పీ తయారీ నేర్చుకున్నాయి. పాడుచేశాయి, పారేశాయి, మళ్లీ చేశాయి. 2020లో బీవైడీ బ్లేడ్ బ్యాటరీ తెచ్చింది, టెస్లా షాంఘై కార్లలో సీఏటీఎల్ ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ వచ్చాయి. 2022 నాటికి మూల పేటెంట్ల గడువు తీరే సరికి ప్రపంచంలో ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ దాదాపు అంతా ఒకే దేశంలో తయారవుతోంది.

మూల పేటెంట్లు పోయాయి కదా, ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు కదా? చట్టం ప్రకారం చేసుకోవచ్చు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 53 ప్రకారం కూడా పేటెంటు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. సెక్షన్ 10 ప్రకారం దరఖాస్తుదారు తనకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని పత్రంలో వెల్లడించాలి. అంటే గడువు తీరిన పేటెంటు బహిరంగ పాఠ్యపుస్తకం లాంటిది. మరి మనం ఎందుకు చేయలేకపోతున్నాం?

ఇక్కడ మన హైదరాబాద్ నుంచే ఒక పోలిక తెచ్చుకుందాం. 2012 మార్చిలో పేటెంట్స్ కంట్రోలర్ మన దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ నాట్కోకు. బేయర్ వారి నెక్సావర్ అనే క్యాన్సర్ మందు నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు ఉండగా, నాట్కో 8,800 రూపాయలకు ఇస్తానంది. సెక్షన్ 84లోని మూడు కారణాలూ నెగ్గాయి: ప్రజల అవసరం తీరలేదు, ధర అందుబాటులో లేదు, దేశంలో ఆవిష్కరణ ఉపయోగంలోకి రాలేదు. మనలో ప్రతి ఒక్కరికీ ఈ కేసు కంఠస్థం. అయితే ఆ ఉత్తర్వు వచ్చిన రోజున నాట్కో ఆ మందు తయారు చేయగల స్థితిలో ఉందన్న సంగతి మనం పట్టించుకోం. లైసెన్సు తలుపు తీసింది, లోపలికి వెళ్లడానికి కాళ్లు ముందే ఉన్నాయి.

ఆ కాళ్లు ఎక్కడివి? 1961లో మొదలైన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, హైదరాబాద్‌లో దాని సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు. డాక్టర్ రెడ్డీస్ పెట్టకముందు కల్లం అంజిరెడ్డి అక్కడే పనిచేశారు. ఆయనొక్కరే కాదు, ఆ ప్లాంటు నుంచి బయటికొచ్చిన కెమిస్టులు, ఇంజనీర్లు ఈ నగరం చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమను అల్లారు. 1970 చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటు ఇవ్వకుండా, తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. 2005 దాకా అదే అవకాశం. చట్టం ఖాళీ ఇచ్చింది, ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ మనుషులను ఇచ్చింది. మన నోట్సుల్లో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. ఐడీపీఎల్ అనగానే 'నష్టాల్లో మూతపడ్డ సంస్థ' అని ఒక్క ముక్కతో సరిపెడతాం. దాని లాభనష్టాల ఖాతాలో ఆ మనుషుల విలువ ఎక్కడా లెక్కకు రాలేదు.

బ్యాటరీ మందుబిళ్ల కంటే మొండిది. మందు ఒక అణువు. దాని నిర్మాణం తెలిస్తే, చేరే దారులు కెమిస్టు వెతుక్కోగలడు, చేరాడో లేదో పరీక్ష చేసి చూసుకోగలడు. ఎల్‌ఎఫ్‌పీ ఫార్ములా ఇంటర్ విద్యార్థికీ అర్థమవుతుంది, కానీ ఒకే ఫార్ములాతో చేసిన రెండు పొడులు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. రేణువు పరిమాణం ఎంత, కార్బన్ పూత ఎంత పలచన, కొలిమిలో ఏ వాయువు మధ్య ఎన్ని గంటలు, ఎక్కడైనా ఇనుము పాడైందా, తేమ ఎంత చొరబడింది, రేకు మీద పూత అంచుల దాకా సమానంగా పడిందా. సెల్ మూడు వేల సార్లు చార్జింగ్ తట్టుకుంటుందా అన్నది తేల్చాలంటే రోజుకు మూడుసార్లు ఎక్కించి దించినా దాదాపు మూడేళ్లు. త్వరిత పరీక్షలు ఉన్నాయి గానీ వాటి ఫలితాన్ని నమ్మాలా వద్దా అని చెప్పేది మళ్లీ అనుభవమే. దీన్నే నో-హౌ అంటారు. పేటెంటు పత్రంలో ఇది పట్టదు. కంపల్సరీ లైసెన్సుతో దీన్ని లాక్కోలేం.

చైనా ఈ తేడాను స్పష్టంగా గ్రహించింది. 2025 జులైలో ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ తయారీ సాంకేతికతను ఎగుమతి నియంత్రణ జాబితాలో చేర్చింది. మూల పేటెంట్లు కాలం చెల్లిన మూడేళ్లకు! తాళం వేసింది కాగితానికి కాదు, పనితనానికి.

ఇక మన వైపు. 2021లో అధునాతన సెల్స్‌కు 18,100 కోట్ల పీఎల్‌ఐ, లక్ష్యం 50 గిగావాట్ అవర్లు. సబ్సిడీ అమ్మిన సెల్స్ మీద, దేశంలో చేర్చిన విలువను బట్టి వస్తుంది. రెండేళ్లలో 25 శాతం, ఐదేళ్లలో 60 శాతం విలువ ఇక్కడే చేరాలి. మొదటి గడువు దాటింది, అనుకున్న ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఇంకా మొదలవలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. అమ్మకం మీద ఇచ్చే డబ్బు, చేయడం వచ్చినవాడికి ఉపయోగం. నేర్చుకునే దశలో పాడయ్యే టన్నుల కొద్దీ పొడికి, మొదటి రెండేళ్ల చెత్త సెల్స్‌కు అందులో పైసా లేదు. యంత్రాలు బిగించడానికి చైనా నిపుణులకు వీసాలు దొరకడం లేదని పరిశ్రమ మొరపెట్టుకోవడం కూడా ఇదే కథలో భాగం.

మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా 2023 మేలో గిగా కారిడార్‌కు శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటన. 2024 జూన్‌లో ఎల్‌ఎఫ్‌పీ సెల్ సాంకేతికత కోసం చైనా కంపెనీ గోషన్ అనుబంధ సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుంది. దీన్ని చూసి 'మళ్లీ చైనా మీదే ఆధారపడ్డాం' అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. లైసెన్సు కొనడం సిగ్గుపడే పనేమీ కాదు, జపాన్, కొరియాలు అలాగే మొదలయ్యాయి. అడగాల్సింది ఒకటే: ఆ ఒప్పందంలో మన ఇంజనీరు కొలిమి దగ్గర నిలబడి, ఉష్ణోగ్రత తానే మార్చి, ఏం జరుగుతుందో చూసే హక్కు ఉందా, లేక మీట నొక్కే పని మాత్రమేనా? హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ప్రయోగశాల ఎల్‌ఎఫ్‌పీ తయారీ మీద సొంత పద్ధతులతో పనిచేస్తోంది. ఆ ల్యాబుకూ దివిటిపల్లికీ మధ్య రోడ్డు మీద రెండు మూడు గంటలు. వాటి మధ్య ఉండాల్సిన మధ్యస్థాయి ప్లాంటే, అంటే కిలోలను టన్నులుగా మార్చడం ఎలాగో నష్టానికి వెరవకుండా నేర్పే ఉమ్మడి పైలట్ ప్లాంటే, మన బడ్జెట్ అంకెల్లో అన్నిటికంటే చిన్నగా ఉంటుంది. పీఎల్‌ఐ సొమ్ములో కొంత అటు మళ్లించాలన్నది నా అభిప్రాయం. నష్టాల ఐడీపీఎల్ మళ్లీ తయారవుతుందని మీరు వాదించవచ్చు. అవుతుందేమో. హైదరాబాద్‌కు ఆ నష్టం ఏం సంపాదించిపెట్టిందో చూశాక ఆ బేరం నాకు ఖరీదుగా అనిపించదు.

పేటెంట్ల సంఖ్య గురించి ఒక మాట. 2023-24లో మన పేటెంట్ కార్యాలయం లక్షకు పైగా పేటెంట్లు మంజూరు చేసింది. ఈ అంకె మీ జవాబులో వేసేముందు సెక్షన్ 83 చదవండి. పేటెంట్లు ఇచ్చేది దేశంలో ఆ ఆవిష్కరణ వాణిజ్య స్థాయిలో ఉపయోగపడటానికి, దిగుమతి గుత్తాధిపత్యం కోసం కాదు అని అందులో ఉంది. అది జరుగుతోందా అని తెలుసుకునే సాధనం ఫారం 27. పేటెంటుదారు ఆ ఆవిష్కరణను ఇక్కడ వాడుతున్నాడో లేదో అందులో చెప్పాలి. 2024 సవరణ నియమాలు దాన్ని ఏటా కాకుండా మూడేళ్లకొకసారి ఇస్తే చాలన్నాయి. వ్యాపార సౌలభ్యం పేరుతో చేసిన ఈ మార్పు మన దగ్గరున్న ఒకే ఒక్క కొలబద్దను మొద్దుబార్చింది. విద్యుత్ వాహనాల రంగంలో మూడేళ్లు అంటే ఒక తరం సాంకేతికత మారిపోయే కాలం.

ఇంటర్వ్యూకు వెళ్లేవారికి ఇంకొకటి. లిథియం బదులు ఉప్పులో దొరికే సోడియంతో నడిచే బ్యాటరీల మీద బ్రిటన్‌లో ఫారాడియాన్ అనే కంపెనీ 2011 నుంచి పనిచేసింది. 2022 మొదట్లో రిలయన్స్ దాన్ని సుమారు 10 కోట్ల పౌండ్ల విలువకు కొనేసింది. అంటే ఈసారి పేటెంట్లు ముందే ఒక భారతీయ కంపెనీ చేతిలో ఉన్నాయి. సోడియం సెల్స్‌తో కార్లు, నిల్వ కేంద్రాలు ఇప్పటికే చైనాలో నడుస్తున్నాయి. బోర్డు ముందు కూర్చునే రోజుకు ఆ పేటెంట్లు ఎన్నో కనుక్కుని వెళ్లకపోయినా పరవాలేదు, వాటితో చేసిన సెల్ మన దేశంలో ఏ ఊరి నుంచి ఎన్ని వస్తున్నాయో మాత్రం కనుక్కుని వెళ్లండి.