ఇంటింటి మాట: నడక యంత్రము



గత మాసమున ముగ్గురు సోదరీమణులు వేర్వేరుగ వ్రాసియు ఒక్క ప్రశ్ననే యడిగిరి. ఇంటిలో నడచుటకు ట్రెడ్‌మిల్లు కొనదలచితిమి, అధికవ్యయము చేయజాలము, ఎట్టిది కొనవలయును అని. అందొక సోదరి, "మీ యింట నొకటి యున్నదని వింటిమి. ఇప్పుడది యంత్రముగా నున్నదా, దండెముగా నున్నదా, దాచక చెప్పుడు" అని చివర చేర్చినది. ఆమె యెవరో గాని మా యింటి గుట్టు ఎఱిగినట్లే యున్నది. అది రెండు విధములుగను ఉండెను. ఆ సంగతి చెప్పక కొనుగోలు మాట మాత్రము చెప్పుట న్యాయము కాదు.

మాకు రెండవ కాన్పునకు ముందు, గర్భముతో నున్న దినములలో, రక్తమున చక్కెర హెచ్చెను. ప్రసవానంతరము తగ్గెను. తగ్గినది గదా యని మఱచితిమి. అట్లు వచ్చి పోయినవారికి పిమ్మట అది స్థిరవ్యాధియై వచ్చుట తక్కినవారికంటె ఎన్నో రెట్లు హెచ్చనియు, అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనుచుండవలెననియు ఆనాడు మాకెవ్వరును చెప్పలేదు. చెప్పినను, చంకలో బిడ్డతో, విని యుందుమా యనునది వేఱు మాట. పిల్లకు ఐదేండ్లు వచ్చిన పిదప పరగడుపున పరీక్షింపగా 118 వచ్చెను. అది 100 లోపల నుండవలయును. 126 వచ్చినచో వ్యాధి క్రిందనే లెక్క. మేము నడుమ గట్టుమీద నున్నామన్న మాట. వైద్యురాలు మందు వ్రాయలేదు. "రోజుకు అరగంట వడిగా నడవండమ్మా, కొంచెం బరువు తగ్గండి" అని పంపివేసినది. మందు వ్రాసినను బాగుండునని మాకు తోచెను. మాత్ర మ్రింగుటకు అరనిమిషము చాలును.

కాని ఆమె మాట ఊరక చెప్పినది కాదు. ఇట్టి గట్టుమీద నున్న మన దేశస్థులనే తీసికొని చెన్నపట్టణపు వైద్యులు పరిశోధన చేసి 2006లో ప్రకటించిరి. నడకయు ఆహారనియమమును పాటించినవారిలో, సుమారు మూడేండ్లలో వ్యాధిలో పడువారు నాలుగవ వంతునకు మించి తగ్గిరి. మందు లేకయే.

ఇక నడుచుట యెక్కడ? తెల్లవాఱుజామున వీధి కుక్కలది. ఆరు గంటలు మొదలు తొమ్మిదివఱకు పాలు, పొయ్యి, పిల్లల డబ్బాలు. సాయంకాలము వీధి మోటారు సైకిళ్ళది. నడచువారికి ప్రక్కబాట యనునది మా యూర లేదు. మా వారు పనిచేయు పాఠశాల ఆటస్థలము విశాలమైనదే కాని, మాస్టారిగారి భార్య చేతులూపుచు చుట్లు తిరుగుట పిల్లలకు పది దినముల వేడుక యగును. మేడమీద నడుచుటకు మేడ ఇంటివారిది. వేసవిలో మిరపకాయలు, తక్కిన కాలమున తాళము.

మా నాయనగారు చిన్ననాట మాచేత చదివించిన గ్రంథములలో సుశ్రుతసంహిత యొకటి. అందు ప్రమేహచికిత్స చెప్పుచోట, ధనము లేనివాడు, బంధువులు లేనివాడు, చెప్పులును గొడుగును విడిచి, భిక్షాన్నము తినుచు, ఊరికొక రాత్రి మాత్రమే నిలుచుచు, మునివలె నూఱు యోజనములో అంతకు మించియో నడువవలెనని విధించినాడు. యోజనమును సుమారు ఎనిమిది మైళ్ళుగా లెక్కించినచో, దినమునకు రెండు కిలోమీటర్ల చొప్పున ఆఱువందల పైచిలుకు దినముల నడక. ఈ భాగము మాకు ఆ వారమంతయు మనసున మెదలుచునే యుండెను. బంధువులు లేనివానికి మహర్షి త్రోవ చూపినాడు. అత్తగారు, భర్త, ఇద్దరు బిడ్డలు, వచ్చిపోవు చుట్టములు గలదానికి ఏ త్రోవ యని ఏ స్థానమునను వ్రాయలేదు.

అందుచేత చీటీ పాడిన సొమ్ములో 21,000 రూపాయలు తీసి యంత్రము కొంటిమి. కొన్నప్పుడు నేర్చినవి, కొన్న తరువాత నేర్చినవి చెప్పెదము. మీ యింట మేడయో పెరడో మీ చేతిలో నున్నచో ఇవి చదువ నక్కఱలేదు. అక్కడ నడువుడు, ఆ సొమ్ము బిడ్డలకు దాచుడు.

పెట్టెమీద పెద్ద యక్షరములతో నాలుగు హార్స్‌పవర్ అని యుండును. నమ్మకుడు. ఒక హార్స్‌పవర్ అనగా 746 వాట్లు. నాలుగనగా ఇంచుమించు మూడువేలు. 230 వోల్టుల మీద అది 13 ఆంపియర్లు లాగవలయును. మన గోడలకుండు చిన్న ప్లగ్గు ఆఱు ఆంపియర్లదే. మా వారు ఈ లెక్క కట్టి దుకాణదారు నడుగగా, అతడు నవ్వి, అది క్షణకాలము పుట్టు పరమావధి బలమనియు, ఎడతెగక నడుచు బలము రెండే యనియు ఒప్పుకొనెను. ఎడతెగక నడుచు బలమెంత యని యడిగి, ఆ సంఖ్యనే చూడవలయును. వడిగా నడచుటకు ఒకటిన్నర మొదలు రెండువఱకు చాలును. పరుగెత్తదలచినవారికే అంతకు మించి కావలయును. ఇట్టి యంత్రమునకు పదునాఱు ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, సరియైన ఎర్తింగు ఉండుట మేలు. పొడవుపాటి తీగలు తగిలించి వంటింటినుండి లాగుట కూడదు.

కరెంటు ఖర్చును గూర్చి భయపడనక్కఱలేదు. మేము మీటరు చూచుకొని నడచితిమి. అరగంటకు యూనిటులో నాలుగవ వంతు, నెలకు ఏడెనిమిది యూనిట్లు. కాని కరెంటు పోయినచో ఇంటి ఇన్వర్టరు దీనిని లాగలేదు.

యంత్రము ఎంత బరువు మోయునో వ్రాసియుందురు. ఇంటిలోని బరువైనవారికంటె అది ఇరువది కిలోలైనను ఎక్కువుండవలయును. పట్టీ వెడల్పు నలువది సెంటీమీటర్లకు తక్కువైనచో అడుగు తడబడును. చేతులు పట్టుకొను కమ్ములు లేని పలుచని పీటవంటివి ఇప్పుడు చౌకగ వచ్చుచున్నవి. మోకాళ్ళు గట్టిగ నున్న పడుచువారికే అవి, పెద్దవారికి వలదు. ఇంకొక మాట: మావంటి పై వాటాలవారు దింపువాడు ఎంతవఱకు తెచ్చునో ముందే అడుగవలయును. మాది 48 కిలోలు. వీధి గుమ్మమున దింపి, చేవ్రాలు పెట్టించుకొని వెళ్ళిపోయిరి. క్రింద దళసరి రబ్బరు పఱపు వేసినదాకా క్రిందివాటావారితో మాటలు లేవు.

నూనె విషయమున తప్పు మాదే. పట్టీ క్రింద మూడు నెలలకో మాఱు సిలికాన్ నూనె వేయవలెనని పుస్తకమున నున్నది. నూనె నూనెయే గదా యని కుట్టుమిషను నూనె పోసితిమి. రెండవ దినము పట్టీ కాలిక్రింద జాఱెను. మరమ్మతు చేయువాడు 1,200 పుచ్చుకొని ఆ సీసా చూపించి నవ్వినాడు.

చిన్నపిల్లలున్న ఇండ్లవారు మాత్రము ఈ మాట రెండుమార్లు చదువుడు. వెనుకవైపున పట్టీ లోపలికి దూరు సందులో చిన్న చేతులు చిక్కుకొనును. 2021లో అమెరికాలో, ఒక బిడ్డ మరణించిన పిదప, ఒక ప్రసిద్ధసంస్థ లక్ష పైచిలుకు యంత్రములను వెనుకకు పిలువవలసి వచ్చెను. యంత్రమునకు త్రాడుగల ఎఱ్ఱని తాళము చిన్నది యుండును. నడచునప్పుడు దానిని చీరకు గాని చుడీదారుకు గాని తగిలించుకొనవలయును. తూలినచో అది ఊడి యంత్రము నిలిచిపోవును. నడక ముగియగానే దానిని తీసి బీరువాలో పెట్టుడు. మేము పోపులపెట్టెలో దాచుదుము.

కొన్న క్రొత్తలో ఇరువది దినములు సాగెను. తరువాత ఆడపడుచుగారు పిల్లలతో వచ్చి పదిదినము లుండిరి. అప్పుడు దాని కమ్మిమీద మొదటి తువ్వాలు పడెను. తువ్వాలు వెనుక లంగా, లంగా వెనుక దుప్పటి. వారు వెళ్ళిన తరువాత బట్టలు తీసి ఎక్కినచో, మూడవ నిమిషమున "అమ్మా, రబ్బరు కనబడలేదు" అని పిల్లవాడు. ఐదవ నిమిషమున కుక్కరు కూత. ఎనిమిదవ నిమిషమున వాకిట కొరియరువాడు. ఒక నెల కాలెండరుమీద గుర్తులు పెట్టితిమి. ఎక్కినది పదునొకండు మార్లు. దిగకుండ అరగంట నడచినది మూడు మార్లు.

ఒకనాడు మా వారు చొక్కా వెదకుకొనుచు, "ఇరవై ఒక్కవేల దండెం" అనిరి. ఆ యంత్రము 1818లో ఆంగ్లదేశమున విలియం క్యూబిట్ అను ఇంజనీరు చెఱసాలలోని ఖైదీలచేత త్రొక్కించుటకు కల్పించిన చక్రమునుండి వచ్చినదని కూడ పరిహాసముగ చెప్పిరి. మేము మామూలుగ ఊరకుందుము. ఆనాడు ఊరకుండలేదు. "మీకు బడిలో గంట కొడతారు. గంట కొట్టాక పాఠం మధ్యలో మిమ్మల్ని ఉప్పెక్కడుందని ఎవరూ అడగరు. నాకు గంట ఎవరు కొడతారండీ?" అంటిమి. గొంతు వణకెను. వారు చొక్కా పట్టుకొని అట్లే నిలువబడిరి.

బదులు మా అత్తగారు చెప్పిరి, వంటింటిలోనుండి. "సాయంత్రం ఆరున్నరకి దాన్ని ఎవరూ పిలవకండి. పిల్లల సంగతి నువ్వు చూడరా. పొయ్యి నేను చూస్తాను." డెబ్బది యేండ్లు నిండిన యావిడ చక్కెర మాత్రలు ఇరువదియేండ్లుగ మ్రింగుచున్నారు. రోలు, తిరుగలి, బావినీరు గలవారికి వ్యాయామ మక్కఱలేదని మన పత్రికలలో తఱచు వ్రాయుదురు. ఆవిడ అవన్నియు చేసినవారే. నడుము నొప్పియు మిగిలెను, చక్కెరయు వచ్చెను. ఆ మాట వ్రాయువారు రోలు త్రిప్పియుండరు.

ఇప్పుడు వారమున నాలుగు దినములు సాగుచున్నది, ఐదు సాగినచో పండుగ. పెద్దలకు వారమునకు 150 నిమిషములైనను నడక కావలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో చెప్పినది. మేమింకను 120 దగ్గఱనే యున్నాము. గంటకు మూడు కిలోమీటర్ల వేగముతో మొదలిడి ఇప్పుడు ఐదు చేరితిమి. ఎంత వడి తగునన్నదానికి సుశ్రుతుని మాటయే తిన్నగ నున్నది: తన బలములో సగము మేరకే వ్యాయామము, గుండెలోని ఊపిరి నోటికి వచ్చినచో ఆ సగము తీరెనని గుర్తు. నేటి వైద్యులు దానినే, మాటాడ వీలుండి పాడ వీలులేని వేగమందురు. మేము మెల్లగా శ్లోకము చెప్పుకొని చూచుకొందుము. పాదము నడుమ ఊపిరి తెగినచో చాలును. దిగునప్పుడు మాత్రము వేగము తగ్గించి దిగుడు. నేల కదలుచున్నట్లు కొంతసేపు భ్రమ కలుగును.

నాలుగు నెలలకు పరీక్షింపగా 107. ఇంకను ఏడు మెట్లున్నవి.

తెనాలి సోదరి పాతది కొనవచ్చునా యని యడిగినది. కొనవచ్చును. సగము ధరకు, అంతకు తక్కువకును దొరకును. వారి యింటనే పదినిమిషములు ఎక్కి నడచి చూడుడు. పట్టీ ప్రక్కకు జరుగుచున్నదా, అంచులు చినిగినవా, మాడిన వాసన వచ్చుచున్నదా గమనింపుడు. ఎందు కమ్ముచున్నారని కూడ అడుగుడు. మేము క్రొత్తది కొనుటకు ముందు అట్లొక యింట చూచితిమి. మీద దుప్పట్లు తీసి చూపించిరి. పట్టీమీద గీత యైనను లేదు. ఎందుకమ్మా అమ్ముచున్నారంటిమి. ఆ యిల్లాలు లోపలిగదివైపు ఒకసారి చూచి, "ఖాళీ లేదండీ" అనినది. ధర కుదిరినది కాని, మాకు ఏలనో దానిని తెచ్చుకొన మనసొప్పలేదు.